ఓడ ఎక్కనివారి పాలు



ఉదయగిరి కొండ కింద, ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్లలో ఉండే మనకు సముద్రం చూడాలంటే ప్రయాణం కట్టాలి. అయినా మన మందిరాల చరిత్ర సముద్రం మీదనే మొదలైంది. అమెరికన్ బాప్టిస్టు మిషను ఉదయగిరిలో 1885లో, ఆత్మకూరులో 1893లో కేంద్రాలు తెరిచింది. ఆ పనికి వేరు నెల్లూరులో ఉంది. నెల్లూరు పనికి వేరు బోస్టన్ రేవులో తెరచాప ఎత్తిన ఓడలో ఉంది. ఆ ఓడ ఎక్కిన కుటుంబాన్ని, ఆ తరువాత ఎక్కకుండా ఆగిపోయినవారిని ఈ వారం జ్ఞాపకం చేసుకుందాం.

1835 సెప్టెంబరు 22న శామ్యూల్ డే దొరగారు, ఆయన భార్య రోయెన్నా అమ్మగారు లూవర్ అనే ఓడలో బయలుదేరారు. అప్పటికి సూయెజ్ కాలువ లేదు. అది తెరిచింది 1869లో. ఇండియాకు రావాలంటే ఆఫ్రికా ఖండం దక్షిణపు కొన చుట్టి రావాలి. ఓడను నడిపేది గాలి ఒక్కటే. గాలి ఆగితే ఓడ ఆగుతుంది. కలకత్తా చేరేసరికి 1836 ఫిబ్రవరి 5 అయింది, అంటే నాలుగున్నర నెలలు.

అలాంటి ప్రయాణానికి సిద్ధపడడం ఇల్లంతా కలిసి చేసే పని. తాగే నీళ్లు పీపాల్లో నింపి కొలిచి ఇచ్చేవారు. బట్టలు ఉతుక్కోవడానికి మంచినీళ్లు దొరికేవి కావు, అందుకని నెలలకు సరిపడా బట్టలు సర్దుకోవాలి. ఉప్పు వేసిన మాంసం, గట్టి రొట్టెలు, మందులు, పుస్తకాలు అన్నీ ముందే చూసుకోవాలి. అలలకు దొర్లిపోకుండా పెట్టెలను తాళ్లతో కట్టాలి. ఏదైనా మరచిపోతే మధ్యలో అంగడి లేదు.

డే దంపతులు విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసులలో పనిచేసి 1840లో నెల్లూరు చేరారు. 1844లో అక్కడ చిన్న సంఘం ఏర్పడింది. అంతలో దొరగారి ఆరోగ్యం చెడి, కుటుంబంతో సహా అమెరికా వెళ్లవలసి వచ్చింది. నెల్లూరులో అమెరికా మిషనరీ ఒక్కరూ లేకుండా పోయారు. ఫలం కనబడని ఈ తెలుగు మిషనును మూసివేద్దామా అని అక్కడి పెద్దలు ఆలోచించసాగారు. డే గారు ఒప్పుకోలేదు. లైమన్ జూయెట్ అనే యౌవనస్థుడు, ఆయన భార్య యుఫీమియా వెళ్తామని ముందుకు వచ్చారు.

1848 అక్టోబరు 10న బౌడిచ్ అనే ఓడ బోస్టన్ విడిచింది. జూయెట్ దంపతులతో పాటు డే గారూ ఎక్కారు. రోయెన్నా అమ్మగారు మాత్రం ఎక్కలేదు. ఆమె పిల్లలతో అమెరికాలోనే ఉండిపోయింది. ఒకప్పుడు ఇద్దరికీ కలిపి పెట్టెలు కట్టిన ఇంట్లో ఈసారి ఒక్కరికే కట్టారు.

ఆ ప్రయాణికులు 1849 ఏప్రిల్ 16న నెల్లూరు చేరారు. ఆరు నెలలు దాటింది. క్షేమంగా చేరారన్న కబురు మళ్లీ అన్ని సముద్రాలూ దాటి ఆ తల్లికి అందాలి. ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిని డే గారు 1853లో తిరిగి వెళ్లేవరకు, దాదాపు ఐదేళ్లు ఆమె అలాగే ఇల్లు నడిపింది. 1871లో ఆయన ప్రభువునందు నిద్రించారు. మన మిషను చరిత్ర చెప్పుకునేటప్పుడు డే గారి పేరు, జూయెట్ గారి పేరు తప్పక వస్తాయి. ఆ ఐదేళ్లు మోసిన స్త్రీ పేరు మనలో ఎందరికి తెలుసు?

మొదటి సమూయేలు 30వ అధ్యాయము తీసి చదవండి. దావీదుతో ఉన్న ఆరువందల మందిలో రెండువందల మంది అలసిపోయి బెసోరు వాగు దగ్గర సామానుతో ఆగిపోయారు. గెలిచి వచ్చినవారిలో కొందరు వారికి పాలు ఇవ్వకూడదన్నారు. దావీదు వినలేదు. యుద్ధానికి వెళ్లినవానికీ, సామాను దగ్గర నిలిచినవానికీ సమాన భాగమని తీర్పు చెప్పి, దాన్ని ఇశ్రాయేలులో కట్టడగా చేశాడు.

ఈ కట్టడ మన తెలుగు సంఘాలు ఒకసారి ఆచరించి చూపించాయి. 1903లో జాన్ రంగయ్య గారు భార్యాపిల్లలతో దక్షిణాఫ్రికాలోని నేటాలుకు వెళ్లారు. అక్కడి చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో కూలికి ఒప్పందం మీద వెళ్లిన మనవాళ్లకు కాపరి కావాలి. ఆయనను పంపింది అమెరికా బోర్డు కాదు, మన తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషను సొసైటీ. ఆ సంవత్సరమే కియర్స్‌నీ అనే చోట సంఘం స్థాపించబడింది. 1915లో ఆయన మరణించేవరకు ఆ పరిచర్య సాగింది. ఊరు దాటని విశ్వాసుల కానుకలు సముద్రం దాటాయి.

ప్రియులారా, ఇప్పుడు మన ఇళ్లు చూడండి. కువైట్‌కో, ఖతర్‌కో ఒకరు వెళ్తుంటే పచ్చడి సీసా, కందిపొడి మూట కట్టి, తూకం చూసి, బస్సు ఎక్కించి వచ్చేది ఇంట్లో మిగిలిన మనిషే. ఆ తరువాత పిల్లల ఫీజు, అప్పు వాయిదా, అత్తమామల మందులు అన్నీ ఆమె నెత్తిన పడతాయి. సెలవు మీద వచ్చినవారిని మనం సాక్ష్యం చెప్పమని ముందుకు పిలుస్తాం, మంచిదే. ఇకమీదట ఇంటి దగ్గర నిలిచినవారిని కూడా పిలుద్దాం. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక అలాంటి ఒక ఇంటికి వెళ్లి, కూర్చుని, వారి మాట విని, ప్రార్థన చేసి రండి.

ప్రభువా, దూరాన ఉన్నవారిని కాపాడుము. వారి కోసం గుమ్మంలో ఎదురుచూసేవారిని బలపరచుము. వారి పాలు వారికి దక్కునట్లు మా సంఘమునకు కన్నులు తెరువుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.