మెల్‌బోర్న్‌లో మధ్యాహ్నం దాకా టిఫినే

2016 అక్టోబరులో ఆస్ట్రేలియా అంతా ఒక టిఫిను మీద పోట్లాడుకుంది. బెర్నార్డ్ సాల్ట్ అనే జనాభా నిపుణుడు 'ది ఆస్ట్రేలియన్' పత్రికలో ఒక కాలమ్ రాస్తూ, కాల్చిన రొట్టె మీద చిదిమిన అవకాడో వేసిన ప్లేటుకు 22 డాలర్లు తగలేస్తున్న కుర్రకారు ఆ డబ్బు దాచుకుంటే ఇల్లు కొనుక్కోవచ్చు కదా అని ఒక చురక వేశాడు. కుర్రకారు ఊరుకోలేదు. వారానికో ప్లేటు మానేస్తే ఇంటి అడ్వాన్సు ఎప్పటికి కూడుతుందో లెక్కలు కట్టి మరీ చూపించారు. తను వెక్కిరించింది నీతులు చెప్పే తన వయసువాళ్లనేనని సాల్ట్ తర్వాత చెప్పుకున్నా, అప్పటికే ఆలస్యమైంది. అవకాడో రొట్టె ఒక తరానికి జెండా అయిపోయింది.

ఇంత రగడ జరిగిందంటే ఆ ప్లేటుకు అక్కడ ఉన్న విలువ అది. మెల్‌బోర్న్‌లో శనాదివారాలు పొద్దున తొమ్మిదికి మొదలై మధ్యాహ్నం రెండు దాటేదాకా సాగే తిండిని బ్రంచ్ అంటారు. పేరుపడ్డ కేఫుల ముందు జనం అరగంట వరసలో నిలబడతారు, పిల్లల బండ్లతో, కుక్కలతో సహా. మూడు కొట్టేసరికి వంటగది మూసేస్తారు; ఆ తర్వాత ఎంత బతిమాలినా గుడ్డు కూడా పగలగొట్టరు. అక్కడ చలికాలంలో గడియారం మనకంటే నాలుగున్నర గంటలు ముందుంటుంది. గిద్దలూరులో అమ్మ ఏడున్నరకి ఇడ్లీ పెట్టుకుని "ఏం తిన్నావు నాయనా?" అని ఫోన్ చేస్తే, అక్కడ పన్నెండింటికి కొడుకు కూడా టిఫినే తింటుంటాడు. ఆమెకి ఆ సంగతి ఎంత చెప్పినా నమ్మదు.

ఎక్కడ తినాలన్న ప్రశ్నకి జవాబు చెప్పాలంటే ఊరి చరిత్రలోంచే రావాలి. మెల్‌బోర్న్‌లో ఏ వీధిలో ఏం దొరుకుతుందో చూసుకుంటూ పోతే, ఆ దేశం ఎవర్ని ఎప్పుడు రానిచ్చిందో, ఎవర్ని గుమ్మంలోనే ఆపిందో వరసగా తెలిసిపోతుంది.

మొదటి టిఫిను ఇప్పుడు ఏ హోటల్లోనూ సులువుగా దొరకదు. దాని పేరు మర్నాంగ్. పచ్చటి పువ్వు పూసే చిన్న మొక్క, అడుగున ముల్లంగి లాంటి తియ్యటి దుంప. యారా నది ఒడ్డున వేల ఏళ్లుగా బతికిన వురుండ్జెరి ఆడవాళ్లు కర్రలతో తవ్వి, మట్టి పొయ్యిలో కాల్చేవారు. నల్లమలలో చెంచులు దుంపలు తవ్వుకోవడం చూసిన పెద్దారవీడు, యర్రగొండపాలెం వైపు వాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. 1835 జూన్‌లో టాస్మేనియా దీవి నుంచి జాన్ బ్యాట్‌మన్ అనే ఆసామి వచ్చి, దుప్పట్లు, కత్తులు, గొడ్డళ్లు, అద్దాలు, కాస్త పిండి ఇచ్చి, లక్షల ఎకరాలు రాయించుకున్నానన్నాడు. రెండు నెలలకే సిడ్నీలోని గవర్నరు బర్క్ ఆ ఒప్పందం చెల్లదన్నాడు. ఆ నేల స్థానికులది కానే కాదనీ, అది ఇంగ్లండు రాజుదనీ, తమది కానిదాన్ని వాళ్లెలా అమ్ముతారనీ ఆయన వాదన. ఇంతలో ఓడల్లో గొర్రెలు దిగాయి. అవి మర్నాంగ్‌ని వేళ్లతో సహా పీకి తిన్నాయి. కొన్నేళ్లలోనే దుంపలు దొరకడం లేదని స్థానికులు మొత్తుకున్నట్టు ఆనాటి తెల్లవాళ్ల రాతల్లోనే ఉంది.

తర్వాత బంగారం. 1851లో విక్టోరియా విడి కాలనీ అయింది, అదే ఏడు బంగారం బయటపడింది. గనుల్లో పొద్దుటి తిండి అంటే నిప్పుల్లో కాల్చిన రొట్టె, గొర్రె మాంసం, డబ్బాలో మరిగించిన టీ. చైనా దక్షిణ తీరం నుంచి వేలాది మంది బంగారానికి వచ్చారు. వాళ్లని ఆపడానికి 1855లో విక్టోరియా ఒక చట్టం చేసి, ఓడ దిగే ఒక్కో చైనావాడికి 10 పౌన్లు పన్ను వేసింది. వాళ్లు పక్క కాలనీలోని రోబ్ అనే చిన్న రేవులో దిగి, అక్కణ్ణుంచి గనుల దాకా నాలుగు వందల కిలోమీటర్ల పైన నడిచి వెళ్లారు. బంగారం తగ్గాక ఊళ్లో మిగిలినవాళ్లు లిటిల్ బర్క్ స్ట్రీట్లో అంగళ్లు పెట్టుకున్నారు. బ్యాట్‌మన్ ఒప్పందం కొట్టేసిన గవర్నరు బర్క్ పేరే ఆ వీధికి. ఆ చైనాటౌన్ నేటికీ అక్కడే ఉంది. ఆదివారం పొద్దున పదకొండుకు వెళ్తే బళ్ల మీద వెదురు గిన్నెల్లో ఆవిరి కుడుములు తోసుకుంటూ వస్తారు. దాన్ని యమ్ చా అంటారు. ఇడ్లీ తినే నోటికి అవకాడో కన్నా ఇదే ముందు నచ్చుతుంది, కాకపోతే లోపల పంది మాంసం ఉందో లేదో అడిగి తినాలి.

కాఫీ కథ మాత్రం మనవాళ్లు శ్రద్ధగా వినాల్సింది, ఎందుకంటే అందులో మద్య నిషేధం ఉంది. దూబగుంట నుంచి లేచిన సారా ఉద్యమం, 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ నిషేధం, 1997లో దాన్ని సడలించడం ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో నడివయసు వాళ్లందరికీ గుర్తే. మెల్‌బోర్న్‌లో అలాంటి ఊపు 1880ల్లో వచ్చింది. తాగుడు మాన్పించాలంటే సారాయి కొట్టుకు దీటైన చోటు ఇంకొకటి ఉండాలని మద్య వ్యతిరేకులు 'కాఫీ ప్యాలెస్'లు కట్టారు. పేరు కాఫీదే అయినా అవి పెద్ద పెద్ద హోటళ్లు: వందల గదులు, భోజనశాలలు, చదువుకునే గదులు, చుక్క మందు మాత్రం ఉండదు. అన్నిటికన్నా గొప్పది 1888లో కాలిన్స్ స్ట్రీట్ మూల మీద లేచిన ఫెడరల్ కాఫీ ప్యాలెస్. స్ప్రింగ్ స్ట్రీట్లో పార్లమెంటు ఎదుట ఉన్న గ్రాండ్ హోటల్ 1886లో గ్రాండ్ కాఫీ ప్యాలెస్ అయింది. దాని వెనక ఉన్నది జేమ్స్ మన్రో, మద్య వ్యతిరేక నాయకుడు, బ్యాంకర్ కూడా. 1890లో ఆయన విక్టోరియా ప్రీమియర్ అయ్యాడు. ఆ వెంటనే భూముల ధరలు కూలి, బ్యాంకులు మునిగాయి. 1892లో మన్రో పదవి వదిలి లండన్లో కాలనీ ప్రతినిధి ఉద్యోగానికి వెళ్లిపోయాడు, ఆనక దివాలా తీశాడు. 1897లో ఆ ప్యాలెస్‌కి మళ్లీ మందు లైసెన్సు వచ్చింది. ఇప్పుడది విండ్సర్ హోటల్. ఫెడరల్‌ని 1970ల మొదట్లో పడగొట్టారు.

నిషేధం అంతటితో పోలేదు. 1916లో, యుద్ధం రోజుల్లో, సాయంత్రం ఆరింటికల్లా బార్లు మూసెయ్యాలని విక్టోరియా చట్టం తెచ్చింది. అయిదింటికి పని దిగినవాళ్లు గంటలో తాగగలిగినంత తాగి రోడ్డున పడేవారు. అది 1966 దాకా, అంటే యాభై ఏళ్లపాటు, నడిచింది. సాయంత్రాలు కూర్చుని మాట్లాడుకునేందుకు చోటు లేని ఊళ్లో కాఫీ దుకాణానికి గిరాకీ ఎందుకుండదు? కాఫీ కలపడం తెలిసినవాళ్లు రావడమే తరువాయి.

వాళ్లు ఇటలీ నుంచి వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, జనం లేకపోతే దేశం నిలవదని భయపడిన ఆస్ట్రేలియా 1945లో వలసలకి ప్రత్యేక శాఖ పెట్టింది. తొలి మంత్రి ఆర్థర్ కాల్వెల్ మెల్‌బోర్న్ వాడే. ముందు బ్రిటిష్‌వాళ్లనే కోరుకున్నారు. చాలకపోయేసరికి ఇటలీ, గ్రీసుల దాకా తలుపు తీశారు. అలా వచ్చినవాళ్లలో చాలామందిని ముందు బోనెగిలా అనే క్యాంపులో ఉంచారు. రోజూ గొర్రె మాంసమే పెడుతున్నారని అక్కడ గోల. 1952లో పని ఇప్పించమని ఇటలీవాళ్లు తిరగబడ్డారు కూడా. బయటపడ్డాక వాళ్లు కార్ల్‌టన్‌లో లైగన్ స్ట్రీట్ నింపేశారు.

1954లో బర్క్ స్ట్రీట్లో పెల్లెగ్రీని అన్నదమ్ములు ఒక ఎస్ప్రెస్సో బార్ తెరిచారు. ఊరికొచ్చిన తొలి ఎస్ప్రెస్సో యంత్రాల్లో ఒకటి అక్కడిదే. ఆ కొట్టు చూడాల్సిందే. వీధిలోకి ఎర్రటి నియాన్ బోర్డు, లోపల నలుపు తెలుపు గళ్ల నేల, గోడ పొడవునా అద్దాలు, కౌంటరు ముందు ఎత్తు స్టూళ్లు. సగం సేపు నిలబడే తాగాలి. మార్కాపురం బస్టాండు దగ్గర టీ కొట్టులో ఉన్న వేగమే, కాకపోతే కప్పులు పింగాణీవి. 1974 నుంచి ఆ కొట్టు నడిపిన సిస్టో మలాస్పీనా మెడకి రంగురంగుల స్కార్ఫు కట్టుకుని వచ్చినవాళ్లందర్నీ పలకరించేవాడు. 2018 నవంబరు 9న అదే వీధిలో జరిగిన ఉగ్రవాద దాడిలో, కాలుతున్న బండి దగ్గర సాయానికి వెళ్లి, కత్తిపోట్లకి చనిపోయాడు. కాఫీ కొట్టాయనకి విక్టోరియా ప్రభుత్వ లాంఛనాలతో వీడ్కోలు చెప్పింది.

అమెరికా స్టార్‌బక్స్ ఆస్ట్రేలియాలో దిగింది 2000లో. 2008లో ఉన్న 84 కొట్లలో 61 మూసేసింది. సందు సందుకీ మంచి కాఫీ దొరికే చోట తియ్యటి పాల కాఫీ ఎవరు కొంటారు? డిగ్రేవ్స్ స్ట్రీట్, సెంటర్ ప్లేస్ సందుల్లో ఇప్పటికీ ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకులో బల్లలు వేస్తారు. కింద పరిచిన నల్ల బండలు ఊరి పడమటి మైదానాల అగ్నిశిలే. మెనూ నల్ల పలక మీద సుద్దముక్కతో రాస్తారు. కొన్నాళ్లు ఆమ్లెట్‌ని కూడా పలక మీదే పెట్టి ఇచ్చే ఫ్యాషను నడిచింది. పలకలకి పేరుపడ్డ మార్కాపురంలో పుట్టినవాళ్లకి అది చూస్తే అక్షరాభ్యాసం గుర్తొస్తుంది గానీ ఆకలి వెయ్యదు.

ఈ వలసల్లో మనవాళ్లు ఎందుకు ఆలస్యంగా వచ్చారంటే, 1901లో దేశం ఏర్పడగానే చేసిన తొలి చట్టాల్లో ఒకటి వలసల కట్టడి. రంగు మాట ఎత్తకుండా, వచ్చినవాడికి ఏదో ఒక యూరప్ భాషలో 50 మాటలు చెప్పి రాయమనేవారు. అధికారికి నచ్చకపోతే భాష మార్చేస్తాడు. 1934లో ఎగాన్ కిష్ అనే రచయితకి ఎన్నో యూరప్ భాషలు వచ్చని తెలిసి, స్కాట్లండు గేలిక్‌లో డిక్టేషన్ పెట్టారు! తెలుగువాళ్లు రంగూన్‌కీ, మలయాకీ, మారిషస్‌కీ ఓడలెక్కుతున్న కాలంలో ఆస్ట్రేలియా తలుపు ఇలా మూసుకుని ఉంది. ఆ పరీక్ష 1958లో పోయింది. తెల్లవాళ్ల ఆస్ట్రేలియా విధానాన్ని 1973లో విట్లమ్ ప్రభుత్వం పూర్తిగా ఎత్తేసింది. తర్వాత రెండేళ్లకి వియత్నాం శరణార్థులు, లెబనాన్ యుద్ధం నుంచి పారిపోయినవాళ్లు. ఫుట్‌స్క్రేలో పొద్దున్నే వేడివేడి ఫో పులుసు, బ్రన్స్‌విక్ సిడ్నీ రోడ్డులో జాతర్ మసాలా చల్లి కాల్చిన మనాకీష్ రొట్టె వాళ్ల చలవే. డబ్బులు చూసుకునేవాళ్లు వెళ్లాల్సింది ఆ రెండు చోట్లకే. అవకాడో ప్లేటు కన్నా అక్కడ చవక.

తెలుగువాళ్లు ముఖ్యంగా 2000 తర్వాత, చదువులకీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకీ వచ్చారు. పగలు క్లాసు, రాత్రి టాక్సీ. 2009లో భారతీయ విద్యార్థుల మీద దాడులు జరిగినప్పుడు ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషను దగ్గర వాళ్లే రోడ్డెక్కారు. 2007లో వెస్ట్ ఫుట్‌స్క్రేలో మొదలైన దోసా హట్ ఇప్పుడు వేరే రాష్ట్రాలకీ పాకింది. 2021 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు దాదాపు 59 వేలు. టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వీధుల్లో ఆదివారం పొద్దున నడిస్తే తాలింపు వాసనకే ఎవరిల్లో చెప్పొచ్చు. బయట తినాలంటే క్యారమ్ డౌన్స్ శివవిష్ణు ఆలయం క్యాంటీను ఉంది, దర్శనం అయ్యాక దోసె.

బొరుగులతో చేసే కర్నూలు వైపు ఉగ్గాని మాత్రం ఇంట్లోనే చేసుకోవాలి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలువి. జిల్లా మారినా ఉగ్గాని బజ్జీ మారలేదు. భారతీయ కొట్లలో బొరుగులు దొరుకుతాయి. నానబెట్టే సేపు మాత్రం బాగా తగ్గించాలి, లేకపోతే ముద్దవుతుంది.

ఇక పిల్లల దగ్గరికి వచ్చే పెద్దవాళ్లకి కొన్ని సంగతులు. వెజిటేరియన్ అని రాసి ఉన్నా అందులో గుడ్డు ఉండొచ్చు, వద్దంటే వీగన్ అని అడగాలి. ఆదివారాలూ పండగ రోజులూ చాలా కేఫుల్లో బిల్లు మీద పది, పదిహేను శాతం అదనంగా వేస్తారు; పనివాళ్లకి ఆ రోజు జీతం ఎక్కువ ఇవ్వాలన్నది అక్కడి చట్టం. టిప్పు ఇవ్వకపోయినా ఎవరూ మొహం ముడుచుకోరు. వెజిమైట్ అనే నల్లటి లేహ్యాన్ని 1920ల మొదట్లో మెల్‌బోర్న్‌లోనే, బీరు కాచగా మిగిలిన ఈస్టుతో సిరిల్ కాలిస్టర్ తయారు చేశాడు. దాన్ని జామ్ అనుకుని చెంచాతో పూయకూడదు. ఆవగింజంత, అదీ వెన్న మీద. క్వీన్ విక్టోరియా మార్కెట్‌కి వెళ్తే సోమ, బుధవారాలు కాకుండా చూసుకోవాలి. 1878 నాటి ఆ సంతలో కొంత భాగం పాత శ్మశానం మీద ఉంది. వేలాది సమాధులు ఇంకా కిందే ఉన్నాయి. పైన, 1950 నుంచి ఒకే బండిలో అమ్ముతున్న జామ్ డోనట్ల కోసం జనం వరస కడతారు. లోపలి జామ్ కాలుతుంది, ఆగి కొరకాలి.