ఇందిరమ్మ ఇంటి బిల్లు ఆగిందా? ముందు ఇవి చూసుకోండి

ఇందిరమ్మ ఇంటికిచ్చే 5 లక్షలు ఒక్కసారే పడవు. బేస్‌మెంట్‌కు లక్ష, గోడలు లేచాక లక్ష, స్లాబ్‌కు మరికొంత, మిగతాది చివర్న. నల్గొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా బిల్లు ఆగితే పంచాయతీ సెక్రటరీని ముందు అడగాల్సింది ఒక్కటే: ఫొటో యాప్‌లో ఎక్కిందా? అది ఎక్కనిదే బిల్లు కదలదు. ఇల్లు 600 చదరపు అడుగులు దాటినా ఆగుతుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా డబ్బు రాలేదంటే ఆధార్ చూడాలి. ఇల్లు మంజూరయ్యేది ఆడవాళ్ల పేరు మీద. మన ఇళ్లలో చిక్కంతా అక్కడే: ఆధార్‌లో ‘షేక్ ఫాతిమా’, పాస్‌బుక్‌లో ‘ఫాతిమా బేగం’. పైగా డబ్బు ఆధార్‌కు చివరిసారి లింకైన ఖాతాలోకే పోతుంది. ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలో పడి ఉండొచ్చు, బ్యాంకులో అడగండి. అప్పు తెచ్చి స్లాబ్ వేసినవాళ్లకు వడ్డీ ఆగదు కదా! అప్పటికీ తేలకపోతే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోవాలి.