అభ్యంతరం

2021లో మా నాయన పోయాడు. నెల మాసికమైనా కాకముందే పెద్దన్న ఒక కాగితం పట్టుకొచ్చాడు. "ఈడ సంతకం పెట్టమ్మా. తుపాకుల లైసెన్సులు మా పేర్లకి మార్చుకోవాల. నీకు అభ్యంతరం లేదని రాసిస్తే చాలంట." ఇద్దరు కొడుకులు, రెండు తుపాకులు. లెక్క సరిపోయింది. కూతురిగా నాకున్న వాటా ఆ సంతకమే.

మాది చిత్తూరు జిల్లాలో అడవి అంచు ఊరు. చెనిక్కాయ చేలమీద పందులు పడేవి. తాత కాలం నుంచీ ఇంట్లో మందు దట్టించే తుపాకి ఒకటి ఉండేది. లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు 1878లో వచ్చిన ఆయుధ చట్టం మనవాళ్లకు లైసెన్సు తప్పనిసరి చేసి, ఐరోపావాళ్లను మినహాయించింది. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో చేసిన చట్టం 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. పంట కాపలాకి అలాంటి తుపాకి ఉంచుకోవడానికి అందులో వీలుంది. లైసెన్సు తాత పేర. తాతకేమో రేచీకటి. మంచె మీద మేలుకుని, గొట్టంలో మందు పోసి దట్టించి, గాల్లోకి పేల్చింది అవ్వ. చట్టం దృష్టిలో ఆమె లేనే లేదు.

నాయన 1974లో డబుల్ బ్యారెల్ కొన్నాడు. పోలీసులు వచ్చి భూమెంత, నడత ఎట్లాంటిదని ఊళ్లో మగవాళ్లను విచారించి పోయారు. అమ్మను ఎవరూ అడగలేదు. గోడకు వేలాడిన ఆ తుపాకి పందులనేమో గానీ, అమ్మను మాత్రం బాగా బెదిరించింది. నాయన తాగి వచ్చి దాని వైపు చూస్తే చాలు, ఆమె నోరు పడిపోయేది.

తర్వాత చిన్నాయనది ఒకటి చేరి మూడయ్యాయి. 1983 సవరణ ప్రకారం ఒకరికి మూడు దాకా ఉండొచ్చు. 2019 డిసెంబరులో దాన్ని రెండుకు తగ్గించి, మిగిలినది అప్పగించడానికి ఏడాది గడువిచ్చారు. నాయన అవ్వ తుపాకిని స్టేషన్లో ఇచ్చేశాడు. "పాతది, దేనికీ పనికిరాదు" అన్నాడు.

నేను సంతకాలకు కొత్త కాదు. 1985 సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్రంలో కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు వచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లకు మాత్రం లేదు. నా పెళ్లి 1983లో. 1994లో భూములు పంచుకున్నప్పుడు అడగకుండానే సంతకం పెట్టాను.

ఆయుధ నిబంధనల్లో కొడుకులకే ఇవ్వాలని ఎక్కడా లేదు. వారసులు అనే ఉంది. అయినా నాకు తుపాకి అక్కర్లేదు. కాగితం చేతిలో పట్టుకుని తలెత్తితే, వంటింటి గడపలో చిన్నవదిన నిలబడి ఉంది. చిన్నన్న నాయన లాగే తాగుతాడు. వదిన ఏమీ అనలేదు. అమ్మ కూడా ఎన్నడూ ఏమీ అనలేదు.

పెద్దన్న పేర మారేదానికి సంతకం పెట్టాను. రెండో కాగితం మీద, "నాకు అభ్యంతరం ఉంది" అని రాశాను.

డబుల్ బ్యారెల్ ఇప్పటికీ స్టేషన్లోనే ఉంది. చిన్నన్న నాతో మాట్లాడడు. వదిన మాత్రం పండక్కి ఫోన్ చేస్తుంది.