240 గంటల చదువు

మన బడి నుంచి కాలేజీలకు వెళ్లినవాళ్లలో చాలామంది ఎన్‌.ఎస్‌.ఎస్‌. క్యాంపుల్లో తట్టలు మోసినవాళ్లే. ఆ పథకం ఎక్కడినుంచి వచ్చిందో అప్పట్లో మేమెవరం అడగలేదు. మార్కుల లిస్టుతో పాటు ఒక సర్టిఫికెట్ వస్తుందన్నంతవరకే మా లోకజ్ఞానం.

దాని వెనక ఇరవయ్యేళ్ల తర్జనభర్జన ఉంది. విద్యార్థులు స్వచ్ఛందంగా దేశసేవ చేయాలని రాధాకృష్ణన్ కమిషన్ ముందే చెప్పింది. 1959లో వేసిన సి.డి.దేశ్‌ముఖ్ కమిటీ నిర్బంధంగా చేయించాలంది. బలవంతం వద్దు, ఇష్టపడ్డవాళ్లతోనే మొదలుపెట్టండని కె.జి.సయ్యిదైన్ నివేదిక. చివరికి గాంధీజీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న, కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్‌.వి.రావు 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మందితో దీన్ని ప్రారంభించారు. రెండేళ్లలో 240 గంటల పని, ఒక ప్రత్యేక శిబిరం. సేవ చేస్తూ చదువుకోవడం అసలు ఉద్దేశం. ఈ 'చదువుకోవడం' అన్న ముక్కే తర్వాత్తర్వాత జారిపోయిందని నా అభిప్రాయం.

నేను నరసరావుపేటలో డిగ్రీ చదువుతున్న 1978లో, అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైంది. ఆ చలికాలం మా క్యాంపు గురజాల వైపు ఒక పల్లెలో. పగలు పలుగు, పార పట్టి రోడ్డు పని. నల్లరేగడి కాళ్లకు అంటుకుని చెప్పులు ఊడొచ్చేవి. ఆ రోడ్డు సంగతి చెప్పుకోకపోవడమే మేలు, మరుసటి వానకే పోయిందట.

రాత్రిళ్లు లాంతరు పెట్టుకుని బడి. మొదటి రోజే అ, ఆ రాసిచ్చాను. మిరపకోతల నుంచి నేరుగా వచ్చిన ఒక పెద్దమ్మ పలక పక్కన పెట్టేసింది.

"నాయనా, ఇయ్యి తర్వాత. ముందు అంకెలు చెప్పు. నోటు మీద వేలిముద్ర వేయించుకుంటారు గదా, అందులో ఎంత రాశారో నాకు తెలియొద్దూ?"

మా దగ్గరున్న వాచకంలో అంకెలు చివర్లో ఉన్నాయి. మా లెక్చరరు కాసేపు ఆలోచించి, వాచకం పక్కన పెట్టమన్నారు. వడ్డీ లెక్కలు ఆమెకు నోటికే వచ్చు, నాకే కాగితం కావాల్సివచ్చేది. కాలేజీకి ఇచ్చిన నివేదికలో మాత్రం ఇంతమందికి అక్షరాలు నేర్పామనే రాశాం.

చివరి రాత్రి ఆమె పలక మీద 3 వేసి, పక్కన రెండు సున్నాలు చుట్టింది. చాలాసేపు దాన్నే చూసి, "దీని పక్కన ఇంకో సున్నా పెడితే ఎంతవుద్ది నాయనా?" అని అడిగింది.