మెదడు - దేహరక్షణము

మనోవ్యాధికి మందు లేదని మన పెద్దలు చెప్పిరి. మనస్సు దేహవ్యాధికి త్రోవ తీయగలదా యను ప్రశ్నకు మాత్రము ప్రయోగశాలలు చాలకాలము సమాధానమీయలేదు. రోగములతో పోరాడు రక్తకణములు మెదడుతో నిమిత్తము లేక తమ పని తాము చేసికొనునని పెక్కుమంది శాస్త్రజ్ఞులు తలచుచుండిరి. ఆ నమ్మకము సడలిన కథను నేడు ముచ్చటించుకొందము.

అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయమున రాబర్ట్ ఏడర్ అను మనశ్శాస్త్రజ్ఞుడు ఎలుకలకు శాకరిన్ కలిపిన తీపినీరు త్రాగించి, వెంటనే కడుపు త్రిప్పు సైక్లోఫాస్ఫమైడ్ అను మందునిచ్చెను. ఎలుకలు తీపినీటిని ఏవగించుకొనుట నేర్చెను. ఇందు వింత లేదు. పిమ్మట మందు మాని తీపినీరు మాత్రమే ఇచ్చుచుండగా కొన్ని ఎలుకలు మరణించెను. ఆ మందునకు రోగనిరోధకశక్తిని అణచు గుణము కూడ కలదు. మందు లేకున్నను రుచి యొక్కటే ఆ పని చేయుచున్నదేమో యని ఏడర్ శంకించెను. నికొలస్ కోహెన్‌తో కలిసి పరీక్షించి, 1975లో ఆ శంక నిజమని ప్రకటించెను.

దేహమును కాపాడవలసిన కణములే దేహముపై దాడి చేయు వ్యాధులలో లూపస్ ఒకటి. ఆ వ్యాధి సహజముగా వచ్చు చిట్టెలుకలపై వారు 1982లో ఇదే పద్ధతిని ప్రయోగించిరి. తీపినీరు త్రాగిన దినములలో సగము దినములు మాత్రమే మందు పొందిన చిట్టెలుకలు, అట్టి శిక్షణ లేక అంతే మందు పొందినవానికంటె ఎక్కువకాలము జీవించెను.

ఇది యెట్లు సాధ్యము? 1989లో ఎస్తర్ స్టెర్న్‌బర్గ్ బృందము ప్రకటించిన పరిశోధన యొక మార్గమును చూపెను. లూయిస్ జాతి ఎలుకలకు కీళ్ళవాపు సులభముగా వచ్చును. ఫిషర్ జాతివానికి రాదు. లూయిస్ ఎలుకలలో మెదడునందలి హైపోథలామస్ తగినంత సంకేతము పంపదు. అందుచే వాపునణచు హార్మోను చాలినంత ఊరదు. ఫిషర్ ఎలుకలలో ఆ హార్మోను నందుకొను గ్రాహకములను మందుతో మూసివేయగా, అవియు వ్యాధికి లోనయ్యెను. హార్మోను తాళపుచెవి యైనచో గ్రాహకము తాళము. రెండింటిలో ఏది లోపించినను తలుపు తెరువబడదు.

ఇంతమాత్రమున, కీళ్ళు వాచి తెల్లవారుజామున పిడికిలి బిగింపలేని సోదరిని "అంతయు నీ మనస్సులోనిదే" యనుట న్యాయము కాదు. లూయిస్ ఎలుక తన వ్యాధిని కోరి తెచ్చుకొనలేదు. అది పుట్టుకతో వచ్చిన లోపము. మెదడునకు దేహరక్షణలో పాత్ర కలదనుట రోగిని నిందించుటకు ఆధారము కాదు, రోగి మాటను నమ్ముటకు ఆధారము. ఆమెకు ధైర్యము చెప్పుదము. వైద్యుడిచ్చిన మందును మాత్రము మాన్పింపకుందము.