బాణం వెనక ఈక

చరిత్ర పాఠంలో యుద్ధం వస్తే ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అని చదువుతాం. బాణం గురించి చెప్పినా దాని ములికి ఎంత వాడి అనే చెబుతారు. వెనక ఉండే ఈక గురించి ఎవరూ చెప్పరు. కానీ ఈక లేకపోతే బాణం తిన్నగా పోదు. గాలి ఈకను వెనక్కి పట్టి లాగుతుంది. అందువల్ల తోక వెనకే ఉండి ములికి ముందుకు సాగుతుంది.

ఏ ఈక పడితే ఆ ఈక పనికిరాదు. మెత్తటి పొట్ట ఈకలు గాలికి నిలవవు. రెక్కలోని గట్టి ఈకలే కావాలి. ఒక బాణానికి కట్టే మూడు ఈకలూ ఒకే వైపు రెక్కవై ఉండాలి. ఎందుకంటే ఎడమ రెక్క ఈక ఒక వైపుకు వంగితే, కుడి రెక్కది ఇంకో వైపుకు వంగుతుంది. రెండూ కలిపితే బాణం సరిగ్గా తిరగదు.

ముందు ఈక కాడను నిలువునా రెండుగా చీలుస్తారు. జిగురు పూసి, మూడింటినీ సమాన దూరంలో అంటించి, సన్న దారంతో చుడతారు. ఒక ఈక వింటికి అవతలి వైపు ఉండేలా చూస్తారు. అప్పుడు మిగతా రెండూ వింటికి పెద్దగా రాసుకోవు.

భారతంలో బాణాలకు కంకపత్రాలు అనే పేరుంది. కంకం అనే పక్షి ఈకలు కట్టినవి అని అర్థం. ఇంగ్లండులో బాతు ఈకలు వాడారు. అజిన్‌కోర్ట్ యుద్ధం 1415లో జరిగింది. తర్వాత 1417లో ఐదవ హెన్రీ రాజు ఒక్కో పెద్ద బాతు నుంచి ఆరేసి రెక్క ఈకలు తీసి పంపమని ఆజ్ఞ ఇచ్చాడు. ఒక రాజే ఈకలు లెక్కపెట్టాడంటే వాటి విలువ చూడండి!

1545లో మునిగిన మేరీ రోజ్ అనే ఓడను 1982లో పైకి తీశారు. అందులో వేల బాణాలు దొరికాయి. ఈకలు మాత్రం కుళ్లిపోయాయి. జిగురులో దారం చుట్టిన గుర్తులే మిగిలాయి.

మన వేలూరుకు దక్షిణాన చెంగం ప్రాంతంలో పల్లవుల కాలపు వీరగల్లులున్నాయి. పశువుల మందలను కాపాడబోయి చనిపోయిన వీరులకు వాటిని నిలబెట్టారు. చాలా రాళ్లలో వీరుడి చేతిలో విల్లు, ఒంట్లో గుచ్చుకున్న బాణాలు కనిపిస్తాయి. వీరుడి పేరు రాయి మీద ఉంది. ఈకను ఎంచి కట్టిన పనివాడి పేరు ఎక్కడా లేదు.

ఇప్పుడు పోటీల్లో ప్లాస్టిక్ రెక్కలే ఎక్కువ. మన తెలుగమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచింది. విలువిద్య బతికే ఉంది. పోతున్నది దాని మాటలు. బాణం ఈకను తెలుగులో గరి అంటారు. ఈక కట్టే చివరను పింజ అంటారు. మా క్లాసులో అడిగితే పింజ అంటే మామిడి పింజ అనుకున్నారు, గరి ఎవరికీ తెలియలేదు. ఈక కుళ్లిపోతే దారం గుర్తు మిగిలింది. మాట పోతే ఆ గుర్తు కూడా మిగలదు. అందుకే ఈ రెండు మాటలూ మీరు కూడా ఇంట్లో ఒకసారి చెప్పండి.