వెల్ లాగింగ్

వెల్ లాగింగ్ అనగా భూమిలోకి తొలిచిన బోరు రంధ్రంలోకి కొలత సాధనాలను దించి, లోతును బట్టి శిలల భౌతిక ధర్మాలు ఎలా మారుతున్నాయో నమోదు చేసే పద్ధతి. ఇలా లభించే రేఖాపటాన్ని లాగ్ అంటారు. ఈ కొలతల ఆధారంగా శిలలోని ఖాళీల పరిమాణాన్ని, వాటిలో నిండి ఉన్న ద్రవాలను అంచనా వేసే శాస్త్రాన్ని పెట్రోఫిజిక్స్ లేదా శిలా భౌతికశాస్త్రం అంటారు. చమురు, సహజవాయువు, బొగ్గు, భూగర్భ జలాల అన్వేషణలో ఈ పద్ధతిని ఉపయోగిస్తారు. ఏ సాధారణ లాగ్ కూడా చమురును నేరుగా చూపదు. అది విద్యుత్తు, రేడియోధార్మికత, సాంద్రత వంటి ధర్మాలను మాత్రమే కొలుస్తుంది. మిగిలినది అన్వయించి తెలుసుకోవలసినదే.

చరిత్ర

ఫ్రాన్సుకు చెందిన సోదరులు కాన్రాడ్ ష్లంబర్జే, మార్సెల్ ష్లంబర్జే నేల ఉపరితలంపై విద్యుత్ కొలతలతో ఖనిజాలను వెదకే ప్రయోగాలు చేశారు. అదే సూత్రాన్ని వారు తరువాత బావులకు అన్వయించారు. 1927 సెప్టెంబరు 5న అల్సేస్ ప్రాంతంలోని పెషెల్‌బ్రాన్ చమురు క్షేత్రంలో మొదటి విద్యుత్ లాగ్ తీయబడింది. ఈ పనిని కాన్రాడ్ అల్లుడు ఆన్రీ డాల్ నిర్వహించాడు. సాధనాన్ని మీటరుకు ఒకసారి ఆపి, కొలత తీసుకొని, ఆ విలువలను చేతితో కాగితంపై గుర్తించారు.

1942లో అమెరికాకు చెందిన ఇంజనీరు గస్ ఆర్చీ, శిల విద్యుత్ నిరోధానికి, దానిలోని నీటి పాలుకు గల సంబంధాన్ని ప్రచురించాడు. లాగ్‌ల నుండి సంఖ్యాపరమైన అంచనా వేయడానికి ఇది పునాది అయింది. పెట్రోఫిజిక్స్ అనే పేరు వ్యాప్తిలోకి రావడానికి కూడా 1950లో ఆయన రాసిన వ్యాసమే కారణం.

ప్రాథమిక భావనలు

సచ్ఛిద్రత: శిల మొత్తం ఘనపరిమాణంలో ఖాళీల వంతు.
పారగమ్యత: ఆ ఖాళీల గుండా ద్రవం ప్రవహించగల సౌలభ్యం. ఖాళీలు ఎక్కువగా ఉన్నా అవి అతి సన్నగా ఉంటే ద్రవం సులభంగా బయటకు రాదు. బంకమన్ను దీనికి ఉదాహరణ.
నీటి సంతృప్తత: ఖాళీలలో నీరు ఆక్రమించిన వంతు. మిగిలినది చమురు లేదా వాయువు కావచ్చు.
విశిష్ట నిరోధం: విద్యుత్ ప్రవాహాన్ని పదార్థం అడ్డగించే గుణం. దీనిని ఓమ్-మీటర్లలో కొలుస్తారు. ఉప్పునీటికి ఇది తక్కువ, చమురుకు, వాయువుకు చాలా ఎక్కువ.

ముఖ్యమైన లాగ్‌లు

గామా కిరణ లాగ్: శిలలోని పొటాషియం, థోరియం, యురేనియం వెలువరించే సహజ కిరణాలను కొలుస్తుంది. సాధారణంగా షేల్ పొరలలో విలువ ఎక్కువగాను, శుభ్రమైన ఇసుకరాయిలో తక్కువగాను ఉంటుంది.

విశిష్ట నిరోధ లాగ్: తవ్వేటప్పుడు వాడే బురద ద్రవంలోని నీరు రంధ్రపు గోడలోకి ఇంకి, అక్కడి అసలు ద్రవాన్ని వెనుకకు నెడుతుంది. అందువల్ల గోడకు దగ్గరగాను, దూరంగాను వేర్వేరు కొలతలు తీసుకుంటారు.

సాంద్రత లాగ్: గామా కిరణాలను శిలలోకి పంపి, తిరిగి వచ్చిన వాటిని లెక్కించడం ద్వారా సాంద్రతను తెలుపుతుంది. బొగ్గు పొరలు అతి తక్కువ సాంద్రతతో దీనిలో స్పష్టంగా కనిపిస్తాయి.

న్యూట్రాన్ లాగ్: శిలలోని హైడ్రోజన్‌ను గుర్తిస్తుంది. వాయువులో హైడ్రోజన్ పలుచగా ఉంటుంది కనుక, వాయువు గల పొరలో న్యూట్రాన్ లాగ్ సచ్ఛిద్రతను తక్కువగాను, సాంద్రత లాగ్ ఎక్కువగాను చూపుతాయి. ఈ తేడాయే వాయువుకు గుర్తు.

ధ్వని లాగ్: శబ్ద తరంగం శిల గుండా ప్రయాణించే కాలాన్ని కొలుస్తుంది.

లెక్కించే విధానం: ఒక ఉదాహరణ

ఒక ఇసుకరాయి పొరలో సాంద్రత లాగ్ ఘన సెంటీమీటరుకు 2.32 గ్రాములు చూపిందనుకుందాం. ఇసుక రేణువుల సాంద్రత 2.65, ద్రవ సాంద్రత 1.00 అయితే,

సచ్ఛిద్రత = (2.65 − 2.32) ÷ (2.65 − 1.00) = 0.20

అనగా శిలలో 20 శాతం ఖాళీ ఉన్నది. ఆర్చీ సూత్రం సరళ రూపం ప్రకారం, పూర్తిగా నీటితో నిండిన శిల నిరోధం, ఆ నీటి నిరోధాన్ని సచ్ఛిద్రత వర్గంతో భాగించగా వస్తుంది. పొరలోని నీటి నిరోధం 0.04 ఓమ్-మీటర్లు అయితే 0.04 ÷ 0.04 = 1 ఓమ్-మీటరు. లాగ్ 25 ఓమ్-మీటర్లు చూపితే,

నీటి సంతృప్తత = (1 ÷ 25) వర్గమూలం = 0.20

అప్పుడు మిగిలిన 80 శాతం ఖాళీలో చమురు లేదా వాయువు ఉన్నట్లు. కాని అదే పొరలోని నీరు తక్కువ ఉప్పదనం కలిగి, దాని నిరోధం 1 ఓమ్-మీటరు అయితే లెక్క మారుతుంది. 1 ÷ 0.04 = 25. అనగా పొర మొత్తం నీరే. లాగ్‌పై గీత ఒక్కటే అయినా ఫలితాలు పరస్పర విరుద్ధం. కనుక నీటి నిరోధం తెలియకుండా సంతృప్తతను నిర్ణయించరాదు.

పొరబడే సందర్భాలు

బావికి ఉక్కు కేసింగు వేసి ఉత్పత్తికి సిద్ధం చేయాలా, లేక మూసివేయాలా అనే నిర్ణయం ఎక్కువగా లాగ్‌లపై ఆధారపడుతుంది. ఇసుకరాయిలో బంకమన్ను కలిసి ఉంటే అది కూడా విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. అందువల్ల నిరోధం తగ్గి, చమురు ఉన్న పొర నీటి పొరగా కనిపించవచ్చు. పొటాషియం ఖనిజాలు గల ఇసుకరాయి గామా లాగ్‌లో షేల్ వలె కనిపించవచ్చు. రంధ్రపు గోడ కూలి వెడల్పైన చోట సాంద్రత కొలత నమ్మదగినది కాదు. అందుకే రంధ్రపు వ్యాసాన్ని కూడా కొలుస్తారు. శిల నమూనాలతో, ద్రవ పరీక్షలతో పోల్చి చూడడం అవసరం.

భూగర్భ జలాల అన్వేషణలో

కృష్ణా, గోదావరి డెల్టాల వంటి తీరప్రాంతాలలో మంచినీటి ఇసుక పొరలు, ఉప్పునీటి పొరలు ఒకే బోరులో ఎదురుకావచ్చు. నిరోధ లాగ్‌లో మంచినీటి ఇసుక ఎక్కువ విలువను చూపుతుంది. ఉప్పునీటి ఇసుక, బంకమన్ను రెండూ తక్కువ విలువనే చూపుతాయి. వీటిని వేరుచేయడానికి గామా లాగ్ తోడ్పడుతుంది. దీనిని బట్టి చిల్లుల పైపును మంచినీటి పొర ఎదుట అమర్చి, ఉప్పునీటి పొరను మూసివేస్తారు. పొరబడితే బోరు నీరు తాగడానికి, సాగుకు పనికిరాకుండా పోతుంది. సాధారణ నిరోధ లాగ్‌ను కేసింగు పైపు దించకముందే తీయాలి. గామా లాగ్‌ను పైపు దించిన తరువాత కూడా తీయవచ్చు.

ఇవి కూడా చూడండి

భూగర్భ శాస్త్రం
పెట్రోలియం
భూగర్భ జలాలు
ఇసుకరాయి